డైవ్ వాచీ ముఖం అలంకారం కాదు

ఖరీదైన డైవ్ వాచీల ప్రస్తావన వస్తే చాలు, చదువుకున్నవాళ్ల నోట ఒకటే తీర్పు వినిపిస్తుంది. సముద్రంలో దిగేవాళ్లు ఇప్పుడు చేతికి డైవ్ కంప్యూటర్ కట్టుకుంటున్నారు, కాబట్టి వాచీ చుట్టూ తిరిగే ఆ బెజెల్‌కి పని లేదు. ఈ వాచీలు పెట్టుకునేవాళ్లలో చాలామంది మోకాలి లోతు దాటి నీళ్లలోకి దిగనివాళ్లు, కాబట్టి అదంతా వేషం. ఏ కంపెనీది చూసినా నల్ల డయల్, తెల్ల చుక్కలు, అంకెల చక్రం, కాబట్టి అందులో డిజైన్ అంటూ ఏమీ లేదు. ఇక మిగిలింది పేరూ ధరా. డయల్ బాగుంది, బెజెల్ బాగుంది అని మురిసిపోయేవాళ్లు నిజానికి మురిసేది ఆ ధర చూసే.

ఈ వాక్యాల్లో మొదటి సగాలన్నీ నిజమే. కంప్యూటర్లు వచ్చాయి. పెట్టుకునేవాళ్లు ఎక్కువమంది దిగరు. వాచీలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ధర లక్షల్లో ఉంటుంది. కానీ ఆ నిజాల నుంచి తీసిన నిర్ణయాల్లో ఒక్కటీ నిలవదు. డైవ్ వాచీ డయల్, బెజెల్ కలిసి ఒక చిన్న పేజీ. చీకట్లో, భయంలో, ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఉన్న మనిషి ఒక్క చూపులో చదవాల్సిన పేజీ. దాని అందం పైన పూసింది కాదు, ఆ అవసరంలోంచి వచ్చింది. ఆ అందాన్ని చూడడానికి ఈత రానక్కర్లేదు, వాచీ కొననక్కర్లేదు. ఏ గీత ఎందుకు అక్కడుందో తెలిస్తే చాలు. ఆ తెలుసుకునే శ్రమను తప్పించడానికే ఈ తీర్పు అక్కరకొస్తోంది.

ముందు ఈ రూపం ఎక్కడ పుట్టిందో చూద్దాం. 1950ల మొదట్లో ఫ్రాన్స్‌లో రాబర్ట్ మలూబియే, క్లోడ్ రిఫో అనే ఇద్దరు అధికారులు నీటి అడుగున పోరాడే ఈతగాళ్ల దళాన్ని తయారుచేస్తున్నారు. ఆ దళం పని రాత్రిపూట, మసక నీళ్లలో, శత్రువుల ఓడల కింద. దిక్సూచి, లోతు చూపే పరికరం, వాచీ, ఈ మూడే వాళ్లకు ఆధారం. అప్పట్లో దొరికే వాచీలను పరీక్షిస్తే అవి మరీ చిన్నవి, నీళ్లు ఆపలేనివి, డయల్ సరిగ్గా కనిపించనివి. దాంతో తమకేం కావాలో తామే రాసుకున్నారు. నల్లటి డయల్ కావాలి. పెద్ద అంకెలు కావాలి. త్రికోణం, వృత్తం, చతురస్రం లాంటి ఇట్టే గుర్తుపట్టగల ఆకారాలు కావాలి. డయల్ మీది గుర్తులనే తిరిగి చూపే చక్రం ఒకటి బయట ఉండాలి. దిగే ముందు దాన్ని నిమిషాల ముల్లుకి ఎదురుగా తిప్పిపెడితే, ఆ తర్వాత ఎంతసేపైందో లెక్కకట్టే పని లేకుండా కళ్లకే తెలియాలి.

స్విట్జర్లాండ్‌లో బ్లాంక్‌పాన్ కంపెనీ నడుపుతున్న జాఁ జాక్ ఫిష్టర్ ఇదే సమస్యతో వేరే దారిలో కుస్తీ పడుతున్నాడు. ఆయన స్వయంగా డైవర్. దక్షిణ ఫ్రాన్స్ తీరంలో ఒకసారి నీళ్లలో సమయం తెలియక, గాలి అయిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. సైన్యం అవసరం, ఆయన అనుభవం కలిసి 1953లో ఫిఫ్టీ ఫాదమ్స్ అనే వాచీ అయ్యాయి. యాభై ఫాదమ్‌లంటే సుమారు 91 మీటర్లు. మామూలు గాలి సిలిండర్‌తో మనిషి దిగగల హద్దు అదేనని అప్పటి లెక్క. సరిగ్గా అదే ఏడాది రోలెక్స్ సబ్‌మెరైనర్ కూడా రూపుదిద్దుకుంది. ఈనాటి డైవ్ వాచీలన్నిటికీ వంశమూలం ఈ రెండే. ఆ కోరికల జాబితాను మళ్లీ ఒకసారి చదవండి. అందులో అలంకారమనే మాట ఎక్కడా లేదు.

ఇప్పుడు ఆ ముఖాన్ని దగ్గరగా చూద్దాం. సబ్‌మెరైనర్ డయల్ మీద పన్నెండు దగ్గర త్రికోణం ఉంటుంది. మూడు, ఆరు, తొమ్మిది దగ్గర పొడుగాటి పట్టీలు. మిగతా చోట్ల గుండ్రటి చుక్కలు. ఎందుకీ తేడా? నీళ్ల అడుగున చెయ్యి ఏ వంకన తిరిగి ఉందో తెలియదు. పన్నెండు గుర్తులూ ఒకేలా వెలిగితే ఏది పైవైపో, ఏది కిందివైపో తేలదు. త్రికోణం కనబడగానే పన్నెండు ఎక్కడుందో తేలుతుంది, మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. గంటల ముల్లు పొట్టిది, కొసకు దగ్గర్లో మూడు ఆకుల గుండ్రటి బిళ్లతో ఉంటుంది. నిమిషాల ముల్లు తిన్నటి కత్తిలా పొడుగ్గా ఉంటుంది. కంగారులో ఉన్నవాడు ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోకూడదు కనకనే ఆ రెంటికీ పోలిక లేకుండా చేశారు. ట్యూడర్ వాళ్లు 1969లో గంటల ముల్లుకు పెద్ద చతురస్రాన్ని తగిలించినా కారణం అదే.

సెకన్ల ముల్లు మీద ఒక వెలుగు చుక్క ఉంటుంది. అది సెకన్లు లెక్కపెట్టుకోవడానికి మాత్రమే కాదు, వాచీ నడుస్తోందని చెప్పడానికి. నీళ్ల కింద ఆగిపోయిన వాచీ అసలు వాచీ లేకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే దాన్ని మనిషి నమ్ముతాడు. ఈ సంగతి అంతర్జాతీయ ప్రమాణంలోకి కూడా ఎక్కింది. డైవ్ వాచీలకు వర్తించే ఐఎస్‌ఓ 6425 ప్రకారం చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి సమయం కనబడాలి, బెజెల్ మీద పెట్టుకున్న గుర్తు కనబడాలి, వాచీ నడుస్తోందన్న సూచన కూడా కనబడాలి. ఫిఫ్టీ ఫాదమ్స్‌లో సైన్యం కోసం చేసిన ఒక రకానికి ఆరు అంకె పైన చిన్న బిళ్ల ఉండేది. లోపలికి తేమ చేరితే దాని రంగు మారేది. అంటే ఇక నన్ను నమ్మొద్దని డయలే చెప్పేది. ఇంత నిజాయితీ గల ముఖాన్ని పట్టుకుని అలంకారం అంటే ఎలా?

ఇక బెజెల్. అది ఒకవైపే, అపసవ్య దిశలోనే తిరుగుతుంది. చాలామంది దీన్ని ఒక వింతగా చెప్పుకుని వదిలేస్తారు. అసలు లెక్క ఇది. డైవర్ బెజెల్ మీది త్రికోణాన్ని నిమిషాల ముల్లుకి ఎదురుగా పెట్టి దిగాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. ఏ బండకో తగిలి బెజెల్ ఐదు నిమిషాల మేర జరిగింది. అపసవ్యంగానే జరగగలదు కనక ఇప్పుడది ఇరవై బదులు ఇరవై ఐదు చూపిస్తుంది. అతను ఐదు నిమిషాలు ముందే పైకొస్తాడు, నష్టం ఏమీ లేదు. సవ్యదిశలో జరిగి ఉంటే పదిహేనే చూపించేది. అతను ఇంకా వ్యవధి ఉందనుకుని అక్కడే ఉండేవాడు. ఒంట్లో నైట్రోజన్ పేరుకునేది, సిలిండర్‌లో గాలి తరిగేది. పొరపాటు జరిగినా ప్రాణం వైపే మొగ్గేలా చేసిన పరికరం ఇది. 1953 నాటి ఫిఫ్టీ ఫాదమ్స్‌లో బెజెల్‌ను కిందికి నొక్కితేనే తిరిగేది. తర్వాత తర్వాత ఒకవైపు తిరుగుడు మామూలైంది. ఆలోచన మాత్రం ఒకటే.

ఆ చక్రం మీది గీతల్లోనూ ఇదే తర్కం. చాలా వాచీల్లో మొదటి పదిహేను నిమిషాలకు నిమిషానికో గీత ఉంటుంది. ఆ తర్వాత ఐదేసి నిమిషాలకే గుర్తులు. పైకి వస్తూ మధ్యలో ఆగాల్సిన కొద్ది నిమిషాల్లాంటి చిన్న వ్యవధులకు సన్నటి గీత కావాలి. పదిహేను దాటాక ఆ అవసరం లేదు. చక్రమంతా గీతలతో నింపేస్తే కంటికి ఏదీ ఆనదు. కాబట్టి చెప్పాల్సిన చోట చెప్పి, అక్కర్లేని చోట ఊరుకున్నారు. రాతలోనైనా గీతలోనైనా ఊరుకోవడం ఎంత కష్టమో ఆ పని చేసేవాళ్లకు తెలుసు.

రంగుల సంగతి చూద్దాం. నీళ్లు రంగుల్ని ఒక్కొక్కటిగా మింగేస్తాయి. ముందు పోయేది ఎరుపు. లోతు పెరిగేకొద్దీ నారింజ, పసుపు వెలిసిపోతాయి, నీలం చివరిదాకా నిలుస్తుంది. నలుపు మీద తెలుపు ఎందుకు పెట్టారన్న ప్రశ్నకు ఇదే జవాబు. రంగులు పోయినా ఆ తేడా పోదు. ఒమేగా వాళ్ల ఇప్పటి సీమాస్టర్ డైవర్ వాచీని చీకట్లో పెట్టి చూడండి. గంటల ముల్లూ డయల్ గుర్తులూ నీలంగా వెలుగుతాయి. నిమిషాల ముల్లు, బెజెల్ మీది చుక్క, ఈ రెండే ఆకుపచ్చగా వెలుగుతాయి. నీళ్లలో ఉన్నవాడికి కావలసింది ఎంత టైమైందన్నది కాదు, దిగి ఎంతసేపైందన్నది. ఆ జవాబు ఈ రెంటి మధ్య దూరంలో ఉంది. మిగతా వెలుగులన్నిటి నుంచి ఆ రెంటిని రంగుతో విడదీశారు. ఒక్క అక్షరం రాయకుండా చదవడం నేర్పించారు. డిజైన్ అంటే ఇంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు తీర్పులోని మొదటి వాదన దగ్గరికి వద్దాం. కంప్యూటర్ వచ్చింది, బెజెల్ పని పోయింది, కాబట్టి దాని అందం బూటకం అంటున్నారు. కంప్యూటర్‌కి బ్యాటరీ అయిపోతుందనీ, అప్పుడు వాచీయే దిక్కనీ వాచీ అభిమానులు జవాబిస్తుంటారు. ఆ జవాబు మీద నేను ఆధారపడను. కంప్యూటర్ లోతును, సమయాన్ని, ఒంట్లో చేరిన నైట్రోజన్‌ను కలిపి లెక్కకడుతుంది. దానికి బెజెల్ సాటి రాదు. ఒప్పుకోవలసిందే. కానీ పని తగ్గితే అందం అబద్ధమైపోతుందన్న సూత్రం మనం ఇంకెక్కడ పాటిస్తున్నాం? సికింద్రాబాద్‌లో బన్సీలాల్‌పేట మెట్ల బావిని పూడిక తీసి బాగుచేశాక జనం చూడడానికి బారులు తీరారు. ఆ నీళ్లు తోడి ఎవరూ వంట చేసుకోరు. అయినా నీటిమట్టం ఎక్కడున్నా దిగి బిందె ముంచుకునేలా కట్టిన ఆ మెట్ల వరసను చూసి, ఇది ఉత్త అలంకారం అని ఎవరూ అనలేదు. ఆ మెట్లు అలా ఎందుకున్నాయో అర్థమైంది కనక అవి అందంగా కనిపించాయి. ఆ పాటి న్యాయం మణికట్టు మీది వస్తువుకీ చెయ్యాలి.

రెండో వాదన వేషం గురించి. నీళ్లలో దిగనివాడు డైవ్ వాచీ పెట్టుకోవడం అబద్ధమట. ఇక్కడ వస్తువు గుణాన్నీ మనిషి గుణాన్నీ కలిపేస్తున్నారు. పెట్టుకున్నవాడు డంబాలు పోతే ఆ తప్పు అతనిది. వాచీ మాత్రం చెప్పుకున్నది చేసి తీరుతుంది. ప్రమాణం ప్రకారం డైవ్ వాచీని దాని మీద రాసిన లోతు కన్నా నాలుగో వంతు ఎక్కువ ఒత్తిడిలో పరీక్షించాలి. కొనేవాడు ఆఫీసుకే పెట్టుకెళ్తాడు కదా అని ఆ పరీక్షను సడలించరు. అదీకాక బెజెల్ నేల మీద పనికిరాదని ఎవరన్నారు? పప్పు నానబెట్టినప్పుడు, పిల్లాడి పరీక్షకు టైము పెట్టినప్పుడు, బండి పార్కింగ్‌లో వదిలినప్పుడు ఒక్కసారి తిప్పితే చాలు. ఫోన్ తీయనక్కర్లేదు, అందులో కనబడ్డ మెసేజీల్లో పడి అసలు పని మరిచిపోనక్కర్లేదు. గడిచిన కాలాన్ని ఇంత సూటిగా, ఇంకేదీ అంటకుండా చూపించే వస్తువు ఇంట్లో మరొకటి దొరకడం కష్టం.

మూడో వాదన అన్నిటికన్నా బలహీనమైంది. అన్నీ ఒకేలా ఉంటాయి, డిజైన్ ఎక్కడుంది అంటారు. అవసరం ఒకటైనప్పుడు జవాబులు దగ్గరదగ్గరగా ఉంటాయి. తేడాలు చిన్నవైనకొద్దీ వాటి విలువ పెరుగుతుంది. బ్లాంక్‌పాన్ వాళ్లు 2003 నుంచి బెజెల్ మీద నీలమణి గాజును కప్పుతున్నారు. అంకెలు ఆ గాజు కింద ఉంటాయి, ఉబ్బెత్తు అంచు మీద వెలుతురు జారుతుంటే ఆ చక్రం నీటి బొట్టంత మృదువుగా కనిపిస్తుంది. చీకట్లో గుర్తులన్నీ వెలుగుతాయి. రోలెక్స్ దారి వేరు. బెజెల్ సిరామిక్, అంకెలు అందులో చెక్కినవి, వాటిలో ప్లాటినం పూత. చీకట్లో వెలిగేది త్రికోణంలోని ఒక్క చుక్కే. మొత్తం స్కేలు చూపాలన్నది ఒకరి నమ్మకం, మొదలు చూపితే చాలన్నది ఇంకొకరి నమ్మకం. ఈ రెంటి మీదా గంటలకొద్దీ వాదించుకోవచ్చు, అంత సరుకు ఉంది.

1967లో డోక్సా తెచ్చిన సబ్ 300 ఇంకో దారి పట్టింది. డయల్ నారింజ రంగు. బెజెల్ మీద రెండు వలయాలు, ఒకదానిలో నిమిషాలు, ఇంకోదానిలో అడుగుల్లో లోతు. మధ్యలో ఆగకుండా నేరుగా పైకి రావాలంటే ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో అమెరికా నౌకాదళం కట్టిన పట్టిక అది. 60 అడుగుల దగ్గర 60 నిమిషాలు, 100 అడుగుల దగ్గర 25 నిమిషాలు. ఒక పట్టిక మొత్తాన్ని వేలెడంత ఉక్కు చక్రంలోకి దించారు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి ఒకేలా ఉన్నాయనే కన్ను చూడడం మానేసిన కన్ను.

ఇక ధర. మన ఇళ్లలో వాచీకి మర్యాదతో ముడి పడి చాలాకాలమైంది. పెళ్లికొడుక్కి అత్తవారు పెట్టిన వాచీ గురించి మొదట అడిగేది ఎంత పెట్టారనే. అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి చేతికున్న వాచీ గురించీ అదే ప్రశ్న. ధర చూసి మెచ్చుకునేవాడు డయల్ చూడటం లేదన్నది నిజం. కానీ ధర చూసి ఈసడించేవాడు కూడా డయల్ చూడటం లేదు. ఇద్దరి చూపూ ఒకేచోట ఆగిపోయింది.

ఈ డిజైన్ డబ్బున్నవాళ్ల సొత్తు కాదనడానికి సాక్ష్యం కావాలంటే జపాన్ వైపు చూడండి. సీకో మొదటి డైవ్ వాచీ 1965లో వచ్చింది. 1996లో తెచ్చిన ఎస్‌కేఎక్స్007 ఏళ్ల తరబడి సామాన్యుడి డైవ్ వాచీగా పేరు తెచ్చుకుంది. నల్ల డయల్, పెద్ద వెలుగు గుర్తులు, ఒకవైపు తిరిగే బెజెల్, ఐఎస్‌ఓ పరీక్ష, అన్నీ అందులోనూ ఉన్నాయి. ఆ వాచీని చదవడం వచ్చినవాడు సబ్‌మెరైనర్‌నీ చదవగలడు. మరి లక్షల వాచీలో అదనంగా ఏముంది? పనితనం ఉంది. 1960ల మధ్య దాకా వచ్చిన మెరుపు నలుపు సబ్‌మెరైనర్ డయళ్ల మీద అక్షరాలు బంగారు రంగులో కనిపిస్తాయి. అవి పైన అచ్చువేసినవి కావు. అక్షరాల చోటును కాపాడి చుట్టూ నలుపు ఎక్కించారు. కింద ఉన్న ఇత్తడే అక్షరమై బయటికి కనిపిస్తుంది. ఇప్పటి డయళ్ల మీద ఒక్కో గుర్తు చుట్టూ సన్నటి బంగారు అంచు కడతారు, మసకబారకుండా ఉండాలని. ఆ పనితనానికి ఇంత ధర తగునా అని వాదించండి, వాదించాల్సిందే. ధరలో పేరుకు పోయే వాటా ఎక్కువేనని నేనూ అంటాను. కానీ ధర ఎక్కువ కనక పనితనం లేదనడం తర్కం కాదు.

ఈ ప్రబలమైన అభిప్రాయం చేసే అసలు హాని ఇంకొకటి ఉంది. అంతా అలంకారమే అన్నాక, ఏది నిజంగా అలంకారమో చెప్పే హక్కు పోతుంది. సబ్‌మెరైనర్ పేరుతోనే నీలాలు, వజ్రాలు పొదిగిన బెజెళ్లు వచ్చాయి. అక్కడ నిమిషాల గీతలు రాళ్లకు చోటిచ్చి తప్పుకున్నాయి. దాన్ని ఖండించాలి. సీమాస్టర్ డైవర్ ముళ్ల మధ్యభాగం ఖాళీగా ఉంటుంది, ఒక్క చూపులో దొరకాల్సిన ముల్లు కొంత బలహీనపడుతుంది. దాన్ని తప్పుపట్టాలి. అదే వాచీ డయల్ మీది అలల గీతలు మాత్రం నేపథ్యపు రంగులోనే ఒదిగి గుర్తులకు అడ్డం రావు, వాటిని ఒప్పుకోవచ్చు. డైవ్ వాచీలా కనబడుతూ బెజెల్ అసలు తిరగని వాచీలు బజారు నిండా ఉన్నాయి. వేషం అంటే అది. వేషం అన్న మాటను అసలు దానికీ నకిలీకీ ఒకేలా అంటగట్టేవాళ్ల దగ్గర ఈ తేడాలు చెప్పే భాష మిగలదు. విమర్శకులమని చెప్పుకునేవాళ్లు కంపెనీలకు చేస్తున్న మేలు ఇదే. రాళ్లు పొదిగినదాన్నీ గీతలు చెక్కినదాన్నీ ఒకే గాటన కట్టేస్తే, రాళ్లు పొదగడం కంపెనీకి ఇంకా తేలికవుతుంది.

కాబట్టి ఈసారి అలాంటి వాచీ కంటపడితే ధర అడక్కండి, పేరు పక్కన పెట్టండి. మూడు ప్రశ్నలు వేయండి. చీకట్లో పన్నెండు ఎక్కడుందో వెంటనే తెలుస్తుందా? రెండు ముళ్లనూ పొరబడకుండా గుర్తుపట్టగలమా? బెజెల్ జరిగితే అది ప్రాణం వైపు జరుగుతుందా? మూడింటికీ అవునని జవాబొస్తే ఆ ముఖాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకోండి, అది షోరూం అద్దాల వెనకున్నా, పాత వాచీలు బాగుచేసేవాడి బల్ల మీదున్నా. రాకపోతే దాని మీద ఎంత పెద్ద పేరున్నా తిప్పికొట్టండి. తెలిసి మెచ్చుకోవడం, తెలిసి తెగడడం రెండూ ఒకే విద్య. తెలియకుండా తీసిపారేయడం మాత్రం ఏ విద్యా కాదు.